ట్రిప్ రికార్డులో పురాణం

అమ్మానాన్నలు పెట్టిన పేరు అతనికి ఒకటుండేది. అది డ్రైవింగ్ లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా బతకలేదు. ఎరిగినవాళ్లందరికీ అతను పురాణం. టైమెంతయిందని అడిగితే, ఆ చేతి గడియారం ఎక్కడ కొన్నాడో, కొట్టువాడి తమ్ముడు ఆరోజు ఎందుకు అలిగి వెళ్లిపోయాడో, వాణ్ని బతిమాలి తీసుకురావడానికి ఎవరెవరు వెళ్లారో చెప్పి, చివరికి టైము చెప్పేవాడు. అప్పటికి అడిగిన మనిషికి ఆ టైముతో పని ఉండేది కాదు.

అతను నడిపేది లిమోజిన్. ఆఫీసు బోర్డు మీద అలాగే రాసి ఉండేది గాని, ఊళ్లో అందరికీ అది పొడుగు కారే. పురాణం తోడల్లుడు బతికున్న రోజుల్లో ఆ పొడుగు కారు, రెండు టూరిస్టు బస్సులు కొని కంపెనీ పెట్టాడు. ఆయన పోయాక వదినగారు, అంటే పురాణం భార్యకు అక్క, నడుం బిగించి దాన్ని నడుపుకొస్తోంది. ముందు గది ఆఫీసు, వెనక రేకుల షెడ్డు. షెడ్డులో గ్రీజు మరకలు, ఆఫీసులో వదినగారి కళ్లజోడు కోసం వెతుకులాట, ఈ రెండూ ఎప్పుడూ ఉండేవి.

మాటల మనిషికి పొడుగు కారు లాంటి శాపం ఇంకొకటి లేదు. మామూలు కారులో అయితే ఎక్కినవాడు దిగేదాకా చచ్చినట్టు వినాలి. పొడుగు కారులో డ్రైవరుకీ, వెనకవాళ్లకీ మధ్య అద్దం ఉంటుంది. బటన్ నొక్కితే పైకి లేస్తుంది. ఆ బటన్ వెనక సీటు దగ్గరుంటుంది. "ఈ వంతెన కట్టేటప్పుడు ఏం జరిగిందంటేనండీ" అని పురాణం మొదలుపెట్టేవాడు. జుయ్‌మని అద్దం లేచేది. పెళ్లికొడుకులు లేపేవారు, కంపెనీ డైరెక్టర్లు లేపేవారు, ఒకసారి చెవుడు ముదిరిన ముసలాయన కూడా లేపాడు. పురాణం మాత్రం మొదలెట్టిన వాక్యాన్ని మధ్యలో వదిలే రకం కాదు. అద్దానికే చెప్పి ముగించేవాడు.

ఇంటికొస్తే భార్య ఉండేది. ఆవిడ ఇంట్లోనే కర్టెన్లు, సోఫా గలీబులు కుట్టేది. మొగుడు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఆరోజు ముచ్చట ఎత్తుకునేవాడు. ఆవిడ మెషీన్ తొక్కుతూ ఉండేది. కథ సాగేకొద్దీ మెషీన్ జోరు పెరిగేది. ఆవిడ కుట్టు పూర్తయ్యేసరికి ఈయన కథ ఎక్కడో ఒకచోట తెగేది. అలా వాళ్ల సంసారం సాఫీగానే సాగింది.

ఇలా ఉండగా రవాణా నియంత్రణ కార్యాలయం నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. అద్దెకు తిరిగే పొడుగు కార్లు, టూరిస్టు బస్సులు ఇకమీదట కాగితపు ట్రిప్ షీట్లు రాయకూడదు. చక్రం కదలక ముందే ట్యాబ్‌లో ఎలక్ట్రానిక్ రికార్డు తెరవాలి. ఎవరు బుక్ చేశారు, ఎక్కడ ఎక్కారు, ఎంతమంది, దారిలో ఎక్కడెక్కడ ఆగారు, ఎక్కడ దిగారు, అన్నీ అందులో ఉండాలి. ప్రయాణం అయ్యాక ‘ముగించు’ అని నొక్కాలి. ఒకసారి నొక్కాక ఆ రికార్డును మార్చడం బ్రహ్మతరం కూడా కాదు. రోడ్డు మీద తనిఖీవాళ్లు ఆపి అడిగినప్పుడు రికార్డు లేకపోతే పర్మిట్ పోతుంది.

పర్మిట్ అన్న మాట వినగానే వదినగారికి చెమటలు పట్టాయి. మూడు ట్యాబులు కొని, డ్రైవర్లకు నేర్పే పని కూతురికి అప్పజెప్పింది. ఆ అమ్మాయిని ఇంట్లో, ఆఫీసులో అందరూ అమ్మడు అనేవారు. బుకింగులు చూసేది తనే. బస్సుల డ్రైవర్లిద్దరూ ఒక పూటలో నేర్చేసుకున్నారు. పురాణం మాత్రం మొరాయించాడు. తన వేళ్లు స్టీరింగ్ తిప్పడానికి పుట్టినవే గాని అద్దం మీద గోకడానికి కాదన్నాడు. అసలు వేళ్ల గురించి మా తాత ఏమనేవాడంటే, అని మొదలుపెట్టబోయాడు. అమ్మడు అతని చేతిలోంచి ట్యాబ్ తీసుకుని, మైకు బొమ్మ చూపించింది.

"బాబాయ్, నువ్వు రాయక్కర్లేదు. ఇది నొక్కి మాట్లాడు. అదే రాసుకుంటుంది."

"ఎంతసేపు మాట్లాడినా?"

"ఎంతసేపైనా."

ఆ మాట అన్నందుకు అమ్మడు తర్వాత చాలాసార్లు నాలిక కరుచుకుంది.

రికార్డులో అన్నిటికన్నా అడుగున ‘విశేషాలు, ఉంటే’ అని ఒక గడి ఉండేది. టైరు పేలినా, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా రాయడానికి పెట్టిన గడి అది. మిగతా డ్రైవర్లు దాన్ని ఖాళీగా వదిలేసేవారు. పురాణానికి ఆ ‘ఉంటే’ ఎందుకు పెట్టారో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. విశేషాలు లేని ట్రిప్పు కూడా ఉంటుందా?

పొడుగు కారు డ్రైవరు బతుకులో నడపడం కన్నా కాచుకుని ఉండటం ఎక్కువ. కల్యాణమండపం బయట, విమానాశ్రయం బయట, హోటల్ వెనక వంటింటి గుమ్మం దగ్గర. ఇదివరకు ఆ కాచుకునే వేళల్లో అతను గోడలకీ, కాకులకీ చెప్పుకునేవాడు. ఇప్పుడు బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ట్యాబ్‌ను ఒళ్లో పెట్టుకుని మైకు నొక్కేవాడు. ట్యాబ్ ఆవులించదు. గడియారం చూసుకోదు. అద్దం లేపదు. పైగా, తను చెప్పింది చెప్పినట్టు అక్షరాలై వరసగా కదిలిపోతుంటే, ఎవరో బుద్ధిమంతుడైన శిష్యుడు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నట్టు అనిపించేది.

మొదటి రికార్డులోనే ఇలా ఉంది: "పెళ్లికొడుకు ఎక్కాడు. కొత్త బూట్లు కరుస్తున్నట్టున్నాయి, కాకి గెంతినట్టు నడిచాడు. పక్కన మేకమామ కూర్చుని, బండి కదలక ముందే గురక పెట్టాడు." పురాణం చెప్పింది మేనమామ అనే. ట్యాబ్ చెవికి మేక వినబడింది. చెప్పినదాన్ని మళ్లీ చూసుకునే అలవాటు పురాణానికి పుట్టుకతోనే లేదు. ‘ముగించు’ నొక్కేశాడు. ఆ మేనమామ సర్కారు లెక్కల్లో శాశ్వతంగా మేకైపోయాడు.

అలా ట్రిప్పు ట్రిప్పుకీ గడి నిండుతూ వచ్చింది. అద్దం చూసుకుంటూ ఉపన్యాసం వల్లెవేసి, దిగేవేళకు మొదటి వాక్యమే మరిచిపోయిన డైరెక్టరుగారు, పెళ్లిచీర రంగు మీద దెబ్బలాడుకుని, విమానాశ్రయం రాగానే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన తల్లీకూతుళ్లు, అందరూ అందులోకి చేరిపోయారు.

ఇంట్లో మాత్రం ఇంకో సంగతి జరిగింది. మాటలన్నీ ట్యాబ్‌లో పోసి వచ్చిన పురాణం, గుమ్మంలో చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, తిని పడుకోవడం మొదలుపెట్టాడు. మొదటి రెండు రోజులూ భార్య పట్టించుకోలేదు. తర్వాత మెషీన్ ఆపి అతనికేసి చూసింది. ఆ తర్వాత కుట్టు వంకరపోవడం మొదలైంది. చివరికి అక్కకు ఫోన్ చేసి, ఆయన మాట్లాడటం లేదని చెప్పింది. ఇన్నేళ్లకు దేవుడు నీ మొర ఆలకించాడే అని అక్క నవ్వింది.

"వెటకారం కాదక్కా. కూర ఎలా ఉందంటే బాగుంది అన్నారు. అంతే. కూరగాయల వాడి ఊసు లేదు, వాడి బావమరిది ఊసు లేదు. నాకు భయంగా ఉంది."

అప్పుడు అక్కకూ భయమేసింది. ఇద్దరూ కలిసి అతన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లారు. డాక్టరు గొంతులో టార్చి వేసి చూశాడు, నాలిక చాపమన్నాడు, ఏమైనా మాట్లాడమన్నాడు. పురాణం కాసేపు ఆలోచించి, చెప్పడానికి ఏమీ మిగల్లేదండీ అన్నాడు. ఇది మా శాఖ కాదని డాక్టరు ఫీజు తీసుకున్నాడు.

ఇంతకీ ఆ రికార్డుల సంగతి పురాణానికి ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఉత్తర్వు ప్రకారం, ‘ముగించు’ నొక్కగానే రికార్డు నకలు ఒకటి బండి బుక్ చేసినవాళ్ల ఫోనుకు దానంతటదే వెళ్లిపోతుంది. అమ్మడికి ఈ సంగతి తెలుసు. కానీ అలాంటి మెసేజీలు తెరిచి చదివేవాళ్లు లోకంలో ఎవరుంటారని తనూ పట్టించుకోలేదు. నిజంగానే ఎవరూ చదవలేదు, లెక్కల మాస్టార్లు వచ్చేదాకా.

రిటైరైన లెక్కల మాస్టార్ల సంఘంవాళ్లు కొండమీది జలపాతం చూడటానికి ఒక బస్సు బుక్ చేశారు. ఆ బస్సు డ్రైవరు షెడ్డులో జారిపడి కాలు బెణకడంతో వదినగారు స్టీరింగ్ మరిది చేతికిచ్చింది. పొద్దున్నే సంఘం ఆఫీసు ముందు బస్సు పెట్టాడు. ఎంతమందో రికార్డులో వేయందే చక్రం కదలకూడదు. అధ్యక్షులవారు లెక్కపెట్టారు. కార్యదర్శిగారు లెక్కపెట్టారు. రెండు లెక్కలూ కలవలేదు. అధ్యక్షులవారు తనను తాను వదిలేశారని కార్యదర్శి, కార్యదర్శి డ్రైవరును కూడా కలిపేశారని అధ్యక్షులు నిరూపణకు దిగారు. మిగతా మాస్టార్లు రెండు పక్షాలై, ఎవరికి వారు బస్సులో అటూ ఇటూ తిరుగుతూ లెక్కపెట్టడంతో, లెక్కపెట్టాల్సినవాళ్లు ఒక్కచోట నిలవక లెక్క మరీ పాడైంది. పురాణం ట్యాబ్ తీసి చెప్పాడు: "మాస్టార్లు ఎక్కారు. ఎంతమంది అన్నది వాదనలో ఉంది."

తర్వాత కిటికీ సీటు గొడవ వచ్చింది. డ్రైవరు వెనక సీటు అధ్యక్షులకూ కావాలి, కార్యదర్శికీ కావాలి. చీటీలు వేశారు. కార్యదర్శికి వచ్చింది. చీటీల మడతలు ఒకే తీరుగా లేవు కాబట్టి సంభావ్యత సమానం కాదని అధ్యక్షులు కొట్టిపారేసి ఆ సీట్లో తనే కూర్చున్నారు.

సగం దారిలో రోడ్డు రెండుగా చీలింది. పెద్ద రోడ్డు చుట్టూ తిరిగి వెళుతుంది. చిన్నది నేరుగా కొండకేసి పోతుంది. పురాణం పెద్ద రోడ్డుకే తిప్పబోయాడు. త్రిభుజంలో రెండు భుజాల మొత్తం మూడో భుజం కన్నా ఎప్పుడూ ఎక్కువేనని అధ్యక్షులు సీట్లోంచి లేచి ప్రకటించారు. దీనికి మాత్రం ఎదురు చెప్పినవాడు లేడు. బస్సు మూడో భుజం పట్టింది. అది మొత్తం కంకర. కొంత దూరం పోయాక వెనక టైరు తుపాకి పేలినట్టు పేలింది. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది.

ఆ బస్సుకు స్టెప్నీ, అంటే అదనపు టైరు, అడుగున ఇనప చట్రంలో బిగించి ఉంటుంది. బోల్టులు తుప్పుపట్టి కదలడం లేదు. పురాణం బస్సు కింద వెల్లకిలా పడుకుని స్పానర్‌తో కుస్తీ పట్టాడు. తల, చేతులు బస్సు కింద, నడుం నుంచి కాళ్లదాకా వానలో. బస్సులో మాస్టార్లు తప్పు రోడ్డుదా, టైరుదా, త్రిభుజానిదా అని వాదించుకుంటున్నారు. కాసేపటికి తన కాళ్ల మీద వాన ఆగినట్టు పురాణానికి తెలిసింది. తల వంచి చూస్తే, బస్సు అంచుకు అవతల రెండు పాదాలు కనిపించాయి. ఎవరో గొడుగు పట్టుకుని నిలబడ్డారు. స్టెప్నీ ఊడేదాకా ఆ పాదాలు కదల్లేదు. అతను పాక్కుంటూ బయటికి వచ్చి కళ్లలో బురద తుడుచుకునేసరికి వాన వెలిసింది, పాదాలు లేవు. గొడుగు పట్టిన పుణ్యాత్ముడెవరని బస్సులో అడిగాడు గాని, ఆ వాదనలో అతని మాట ఎవరికీ వినబడలేదు.

జలపాతం దగ్గర మాస్టార్లు దిగి నీళ్లకేసి వెళ్లాక, తడిబట్టలు ఆరబెట్టుకుని పురాణం తీరిగ్గా మైకు నొక్కాడు. ఆరోజు విశేషాల గడి చేంతాడంత అయింది. సాయంత్రం అందర్నీ క్షేమంగా దింపి, ‘ముగించు’ నొక్కి ఇంటికి పోయాడు.

బుక్ చేసింది కార్యదర్శిగారు. నకలు ఆయన ఫోనుకు వెళ్లింది. లెక్కల మాస్టారి చేతికి రాసినదేదైనా దొరికితే తప్పు వెతక్కుండా వదలడు. ఆయన మొదటి అక్షరం నుంచి చదివాడు. చదివి, ఇంటావిడను పిలిచి చదివించాడు. సంఘం సర్వసభ్య సమావేశంలో విహారయాత్ర నివేదిక చదవాల్సినప్పుడు తను రాసుకొచ్చింది పక్కన పెట్టి, ఇది తీశాడు. ఆ సంఘంలో ఒక నివేదికను చివరిదాకా విన్నది అదే మొదలు. పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వనిది ఒక్క అధ్యక్షులే. ఎందుకంటే, పురాణం ‘అధ్యక్షులవారు’ అన్నచోటల్లా ట్యాబ్ ‘అర్భకులవారు’ అని రాసుకుంది.

మర్నాడే ఆయన రవాణా నియంత్రణ కార్యాలయానికి ఫిర్యాదు పెట్టారు. ప్రభుత్వ రికార్డులో తనను పలుమార్లు అర్భకుడిగా నమోదు చేశారని, దాన్ని సభాముఖంగా చదివించారని, సదరు కంపెనీ పర్మిట్లు రద్దు చేయాలని రాశారు. విచారణకు రమ్మన్న నోటీసు పట్టుకుని వచ్చిన ప్యూను ముందే వదినగారు కుర్చీలో కూలబడింది. అమ్మడు పాత రికార్డులన్నీ తెరిచి చూసింది. మొదట తలపట్టుకుంది, తర్వాత నవ్వు ఆపుకోలేక షెడ్డులోకి పారిపోయింది. వదినగారికి నవ్వు రాలేదు. మరిదిని పిలిపించి, నీ నోటికి తాళం లేదని తెలిసీ తాళంచెవుల గుత్తి నీ చేతికే ఇచ్చానని మొత్తుకుంది. ఆ రికార్డులు బుక్ చేసినవాళ్లందరికీ వెళతాయని పురాణానికి అప్పటిదాకా తెలియదు. ఆ పెళ్లివారు, ఆ డైరెక్టరు, ఆ తల్లీకూతుళ్లు, అందరి ఫోన్లలోనూ తన మాటలున్నాయన్నది తలచుకుని ట్యాబ్‌ను బల్లమీద బోర్లించేశాడు. ఎవరూ చదవలేదని అమ్మడు ధైర్యం చెప్పింది. అందుకు సంతోషించాలో, బాధపడాలో అతనికి తెలియలేదు.

విచారణకు కావాలని అమ్మడు రికార్డులు ప్రింట్లు తీసి ఇంటికి పంపింది. పురాణం స్నానం చేసి వచ్చేసరికి భార్య మెషీన్ ముందు కూర్చుని అవి చదువుతోంది. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. మేకమామ దగ్గర నవ్వింది, డైరెక్టరు దగ్గర నవ్వింది, తల్లీకూతుళ్ల దగ్గర ఆగింది. కాగితాలు ఒద్దికగా సర్ది బల్లమీద పెట్టింది.

"ఇవన్నీ నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు మెషీన్ తొక్కుతావు."

"తొక్కితే? కాళ్లతో తొక్కుతాను గాని చెవులతో తొక్కుతానా?"

ఆవిడ లేచి వంటింట్లోకి పోయింది. అక్కడి నుంచే, కొట్టువాడి తమ్ముడు మళ్లీ ఇంటికొచ్చాడా లేదా అన్నది మీరు ఇంతవరకు చెప్పనేలేదు అంది. పెళ్లైన కొత్తలో ఆ గడియారం కథ ఆవిడకు మొదటిసారి చెప్పాడు. ఇన్నేళ్లూ ఆవిడ దాని ముగింపు కోసం కాచుకుని ఉందని అతనికి అప్పుడే తెలిసింది.

విచారణ గదిలో బల్ల ఒకటి, దుమ్ముపట్టిన కుండీలో మొక్క ఒకటి, కిర్రుమనే కుర్చీలు కొన్ని ఉన్నాయి. అధికారిణి కళ్లజోడు గొలుసుకు వేలాడుతోంది. ఆవిడ ముఖంలో నవ్వు ఎప్పుడైనా ఉండేదన్న ఆనవాలు లేదు. ఒక పక్క వదినగారు, అమ్మడు, పురాణం. ఇంకో పక్క అధ్యక్షులు. సాక్షిగా పిలిపించిన కార్యదర్శి ఎటు కూర్చోవాలో తేలక మధ్యలో కూర్చున్నాడు.

రికార్డును విచారణలో పూర్తిగా చదవాలన్నది నియమం. అధికారిణి మొదలుపెట్టింది. ఆవిడ గొంతు నీళ్ల బిల్లు చదివినట్టు ఉంది. దాంతో విషయం మరీ ముదిరింది. "అర్భకులవారు జలపాతంతో పోటీపడి ప్రసంగించారు. జలపాతం గెలిచింది," అని ఆవిడ ఏ భావమూ లేకుండా చదివేసరికి, టైపు చేస్తున్న గుమాస్తా పడిన పెన్ను కోసం బల్ల కిందికి వంగి చాలాసేపు పైకి రాలేదు.

అధ్యక్షులు ఊరుకోలేకపోయారు. ఆ ప్రసంగం మొదటి భాగం అందరికీ వినబడిందని ఆక్షేపించారు. లేదని కార్యదర్శి అన్నాడు. త్రిభుజం సూత్రం సరైనదేనని, కంకర దానికి బయటి విషయమని అధ్యక్షులన్నారు. ఇద్దరూ గొంతులు పెంచుకున్నారు. అధికారిణి చేత్తో ఆగమని సైగ చేసి తర్వాతి వాక్యం చదివింది.

"స్టెప్నీ విప్పేటప్పుడు ఎవరో నా కాళ్ల మీద గొడుగు పట్టారు. పాదాలు మాత్రమే కనిపించాయి. తోలు చెప్పులు. ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. ఎవరో గాని వాళ్లు తడుస్తూ నా కాళ్లు తడవకుండా చూశారు. ఆ పాదాలకు దండం పెట్టుకోవాలని ఉంది. ఎవరివో తెలియలేదు."

అధ్యక్షులు కిందికి చూసుకున్నారు.

"అవి నా పాదాలు," అన్నారు.

అందరూ వంగి చూశారు. ఎడమ చెప్పుకు పిన్నీసు అలాగే ఉంది.

ఆయన మెల్లగా చెప్పుకొచ్చారు. అర్భకుడన్నందుకు కోపం వచ్చిన మాట నిజమే. జలపాతం గెలిచిందన్నదీ ఓర్చుకునేవారే. కానీ ఆరోజు సభలో కార్యదర్శి ఈ ముక్క చదివినప్పుడు, ఎవరా మహానుభావుడు అని సభ్యులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పక్కవాణ్ని అడిగారు, వెనకవాణ్ని అడిగారు. ఒక్కరంటే ఒక్కరు తన వైపు చూడలేదు. ఆ పని తను చేసి ఉంటాడని ఎవరికీ తోచలేదు. లేచి నేనే అని చెప్పుకోవడానికి నోరు రాలేదు.

కార్యదర్శి కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. నాకూ తోచలేదు మాస్టారూ, అని ఒప్పుకున్నాడు.

పురాణం లేచి ఆయన దగ్గరికి వెళ్లాడు. ఏదో పెద్ద కథ మొదలవుతుందని వదినగారు కళ్లు మూసుకుంది. కానీ అతను వంగి, ఆ చెప్పుల ముందు నేలను తాకి కళ్లకద్దుకుని, "నేను అర్భకుడనలేదయ్యా, అధ్యక్షులవారనే అన్నాను" అని మాత్రం అన్నాడు.

అధికారిణి నమ్మలేదు. ట్యాబ్ తెప్పించి, ఇప్పుడు అనమంది. పురాణం మైకు నొక్కి "అధ్యక్షులవారు" అన్నాడు. ట్యాబ్ ‘అర్భకులవారు’ అని రాసింది. ఆవిడ తీసుకుని తనే పలికింది. ‘అధ్యక్షులవారు’ అని పడింది. అంటే నీ ఉచ్చారణలోనే లోపముందని ఆవిడ పురాణాన్ని చూసి తేల్చింది. అధ్యక్షులు చెయ్యి చాపారు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన గొంతు తనదని, తను పలుకుతానని ట్యాబ్ దగ్గరికి తీసుకుని, గుక్క తిప్పుకుని, ప్రతి అక్షరం విడమరిచి పలికారు.

‘అర్భకులవారు’ అని పడింది.

ముందు గుమాస్తా పేలిపోయాడు. తర్వాత అమ్మడు. వదినగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అధ్యక్షులు ఆ అక్షరాలను కాసేపు తేరిపార చూశారు. ఆయన బుగ్గలు అదిరాయి. చివరికి ఆయనా నవ్వేశారు, ఎంతగా అంటే కార్యదర్శి వీపు నిమరాల్సి వచ్చింది. అధికారిణి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆవిడ నవ్విందని ప్రమాణం చేసి చెప్పగలిగినవాళ్లు లేరు.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని, కాకపోతే రికార్డు సరిచేయాలని అధ్యక్షులన్నారు. ముగించిన రికార్డును మార్చడం కుదరదని అధికారిణి అంది. అనుబంధం చేర్చొచ్చు అని గుమాస్తా గుర్తుచేశాడు. మైకును నమ్మే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పురాణం ట్యాబ్ ముందుకు లాక్కుని, జీవితంలో మొదటిసారి ఒక్కో అక్షరం వేలితో వెతికి నొక్కాడు. అందరూ ఓపిగ్గా కాచుకున్నారు. "గొడుగు పట్టిన పాదాలు అధ్యక్షులవారివి." కార్యదర్శి అతని భుజం మీంచి తొంగిచూసి, తప్పులేదని ధ్రువీకరించాడు. ఆ అనుబంధాన్ని వచ్చే సమావేశంలో చదివి వినిపిస్తానని మాటిచ్చాడు.

కంపెనీకి మందలింపుతో సరిపోయింది. కానీ కొద్దిరోజులకు ఊళ్లోని అన్ని ట్యాబుల్లోనూ రికార్డు కొత్త రూపంలో వచ్చింది. విశేషాల గడి ఒక్క వరసకు కుంచించుకుపోయింది. రెండో వరస రాయబోతే ‘ఇక చాలు’ అని ఎర్ర అక్షరాలు వెలుగుతాయి. ఇది ఎవరి చలవో తెలియని డ్రైవరు లేడు. పెట్రోలు బంకు దగ్గర పొడుగు కారు ఆగితే, ఒక్క మనిషివి, నీకోసం సర్కారు గడినే మార్చింది కదయ్యా అని ఆటపట్టించేవారు. పురాణం ఆ మాటకు లోలోపల పొంగిపోయేవాడు. లెక్కల మాస్టార్లు ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా బస్సు అతనే నడపాలని పట్టుపట్టడంతో, వదినగారు పొడుగు కారును వేరే డ్రైవరుకు ఇచ్చేసి అతన్ని బస్సు మీదికి మార్చింది.

పురాణం ఫోన్ నంబరు సంపాదించిన అధ్యక్షులు రోజూ సాయంత్రం ఫోన్ చేయడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు తను చదివిన బడి, ఆ బడిలో గంట కొట్టే మనిషి, అతని మేక. ఒక్క సంగతీ క్లుప్తంగా చెప్పడం ఆయనకూ రాదు. పురాణం మధ్యలో దూరడానికి సందు దొరక్క, ఫోన్ చెవికి పెట్టుకుని ఊఁ కొడుతూ ఇల్లంతా తిరిగేవాడు. భార్య మెషీన్ ఆపేసి, కత్తెర ఒళ్లో పెట్టుకుని ఆ తమాషా చూసేది.

ఫోన్ పెట్టేయగానే, ఏమన్నారేమిటి మాస్టారు, అని అడిగేది. పురాణం కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చునేవాడు. గంట కొట్టే మనిషి సంగతి చెప్పాలంటే ముందు ఆ గంట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, అనేవాడు.